ఉలిగమ్మ తాగని నీళ్లు

హిందూపురం పారిశ్రామికవాడలో కుళాయిలు, షవర్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ ఉంది. దాని వెనక, పాలిషింగ్ షెడ్డును ఆనుకుని నీలం తలుపున్న చిన్న గది. తలుపు మీద తెల్ల పెయింటుతో 'స్త్రీలకు' అని రాసి ఉంటుంది. తలుపు తీస్తే అడుగు పెట్టే సందుండదు. నేల నుంచి కప్పు దాకా అట్టపెట్టెలే. ఏడాదికి ఒకటి రెండుసార్లు తనిఖీకి ఎవరో వస్తున్నారని కబురొస్తుంది. ఆ రోజు ముందు వరస పెట్టెలు బయటికి పోతాయి. గడప కడుగుతారు. గూట్లో కొత్త సబ్బు పెడతారు. వచ్చినవాళ్లు తలుపు దగ్గరే నిలబడి తొంగిచూసి, కాగితం మీద టిక్కు కొట్టి, టీ తాగి వెళ్లిపోతారు. మధ్యాహ్నానికి పెట్టెలు మళ్లీ లోపలికి.

ఆ పెట్టెలు మోసేది షెడ్డులోని ఆడవాళ్లే. పద్నాలుగేళ్లు అలా మోసినవాళ్లలో ఉలిగమ్మ ఒకతె. ఒక్కసారి కూడా "ఇది మా గది కదా సార్" అనలేదు.

ఎందుకు అనలేదని ఫ్యాను కింద కూర్చుని మనం అడగొచ్చు. ఉలిగమ్మ చేరిన మొదటి ఏడాదే సిద్దమ్మ అనే ఆమె అడిగింది. శనివారం అడిగింది, సోమవారం నుంచి రావద్దన్నారు. గేటు దగ్గర సద్ది గిన్నె పట్టుకుని గంటసేపు నిలబడి వెళ్లిపోయింది. ఆ షెడ్డులో ముప్ఫైరెండు మంది ఆడవాళ్లకు ఆ ఒక్క సోమవారం చాలింది.

ఉలిగమ్మ పుట్టింది రామగిరిలో. వాళ్ల నాయన బంగారు గనిలో దిగి పనిచేసిన మనిషి. గనులు మూతపడ్డాక ఆ ఇంట్లో అందరూ కూలిపనులకు చెదిరిపోయారు. ఆమెను పెనుకొండ దగ్గరి పల్లెలో కొండప్పకు ఇచ్చారు. అతను హైవే పక్కన పంక్చర్లు వేస్తాడు. చెనక్కాయ పంట చేతికి రాని ఏడు, ఆమె కంపెనీ వ్యానెక్కి హిందూపురం పోవడం మొదలుపెట్టింది. పొద్దున ఏడుకు ఎక్కితే రాత్రి ఏడున్నరకు దిగేది.

ఆమె పని మెరుగు పెట్టడం. గిర్రున తిరిగే బట్ట చక్రానికి మైనంలాంటి పాలిష్ సబ్బు రాసి, ఇత్తడి కుళాయిని దానికి అదిమి పట్టాలి. ఎక్కువ అదిమితే అంచు అరుగుతుంది, తక్కువ అదిమితే గీత మిగులుతుంది. సాయంత్రానికి ముఖమంతా నల్లటి దుమ్ము, కళ్లు మాత్రం తెల్లగా కనిపిస్తాయి. కుళాయిలో తన కనురెప్ప వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తేనే ఆమె దాన్ని పక్కన పెట్టేది. బెంగళూరు అపార్టుమెంట్లలో ఎన్ని వేల చేతులు రోజూ ఆమె చేతిపనిని తిప్పుతున్నాయో లెక్క లేదు.

మొదట్లో ఆడవాళ్లు భోజనం వేళ ప్రహరీ వెనక కంపచెట్లలోకి పోయేవారు. పక్క స్థలంలో కొత్త షెడ్డు లేచి, గోడ పెరిగి, దాని మీద కెమెరా వచ్చాక అదీ పోయింది. అప్పటి నుంచి వాళ్లకు మిగిలిన దారి ఒక్కటే. నీళ్లు తాగకపోవడం.

ఆ విద్యలో ఉలిగమ్మ గురువు. కొత్తగా ఎవరు చేరినా ఆమే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేది.

"పొద్దున ఇంట్లో ఒక గలాసు, అంతే. మళ్లా వ్యాను దిగినాకే. నడుమ నోరెండితే ఈ చింతపిక్క బుగ్గన పెట్టుకో. ఏంచిన పిక్క. ఉమ్మి ఊరతాది, దప్పి తెలీదు."

పైటకొంగు ముడిలో ఎప్పుడూ గుప్పెడు పిక్కలుండేవి. కొత్తవాళ్లు ఎన్నాళ్లకు అలవాటు పడతారోనని షెడ్డులో పందేలు కూడా వేసుకునేవారు. పొద్దుగూకేదాకా ఓర్చుకున్నదాన్ని 'గట్టిది' అనేవారు. అందరికంటే గట్టిది ఉలిగమ్మే.

"ఒంటె అయినా వారానికొకసారి తాగుతాదంటమ్మే. మా ఉలిగక్కకు అదీ అక్కర్లేదు," అని నవ్వేవారు.

"ఒంటెకు యాడైనా జాగా ఉండాది. దానికేం కష్టం?" అనేది ఉలిగమ్మ. ఇంకా నవ్వేవారు. ఓర్చుకోవడాన్ని గొప్పగా చెప్పుకునేలా మనుషుల్ని తయారుచేస్తే, ఇక యజమాని నోరు విప్పాల్సిన పనే ఉండదు.

పోయిన ఏడాది మాఘమాసంలో మంజుల ఆ షెడ్డుకు వచ్చింది. ఉలిగమ్మ చెల్లెలు ఎల్లమ్మ కూతురు. వాళ్లది ధర్మవరం. పట్టుచీరల మగ్గం మీద బతికిన ఇల్లు. పవర్‌లూమ్ చీరల ముందు నిలవలేక మగ్గం విప్పేశారు. ఇంటి మధ్యలో మగ్గం గుంతను మట్టితో పూడ్చి పైన బండ పరిచారు. నాయన బెంగళూరులో వాచ్‌మన్ పనికి పోయాడు. ఇరవైరెండేళ్ల మంజుల పెద్దమ్మ ఇంట్లో ఉంటూ ఫ్యాక్టరీకి రావడం మొదలుపెట్టింది. నేత పట్టిన వేళ్లు, పని ఇట్టే పట్టేసింది. నోరు కూడా ఊరికే ఉండేది కాదు.

మొదటి రోజు పదిగంటలకు సగం సీసా నీళ్లు తాగేసింది. పదకొండుకు లేచి సూపర్‌వైజర్ వేణుమాధవ్ దగ్గరికి పోయింది.

"సార్, బాత్రూమ్ యాడుండాది?"

"కొత్తదానివామ్మా?" అని నవ్వాడతను. "చుట్టూ చూడు. ఈడ ఉండేదంతా బాత్రూమ్ సామానే కదా!"

"సామాను సరే సార్. గోడలు యాడుండాయని అడుగుతాండా."

చక్రాల దగ్గర నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. వేణుమాధవ్ నవ్వు ఆగిపోయింది. "మీ పెద్దమ్మనడుగు, చెప్తాది," అని వెళ్లిపోయాడు.

ఉలిగమ్మ ఆమెను రెక్క పట్టి పక్కకు లాగింది. "నోరు గమ్మునుంచుకో పాపా. సిద్దమ్మ అడిగి పోయింది. నువ్వు పోతే నీకు ఇంగోటి దొరుకుతాది. నలభై ఆరేండ్ల దాన్ని, నన్నెవురు పెట్టుకుంటారు?"

మంజుల మళ్లీ అడగలేదు. తన పని పోతుందని కాదు, పెద్దమ్మకు భయపడీ కాదు. పెద్దమ్మ పని పోతుందని. ఇది రాయకపోతే ఆ పిల్లకు అన్యాయం చేసినట్టే.

ఎండలు ముదిరాక ఒకరోజు వ్యానులో చెవిలో చెప్పింది. "ఒంటికి పోయేటప్పుడు మంటగా ఉండాది పెద్దమ్మా."

"వేడి చేసింటాది," అంది ఉలిగమ్మ. ఆ రాత్రి మెంతులు నానబెట్టి మజ్జిగలో కలిపి ఇచ్చింది. మంట తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. నడుము నొప్పి మొదలైంది. నిలబడి చేసే పనికి నడుము నొయ్యక ఏమవుతుందిలే అనుకున్నారు. వేసవిలో మన వైపు ఏ ఆడమనిషికి ఏం వచ్చినా పేరు ఒకటే, వేడి. ఆ పేరు పెట్టాక డాక్టరు దగ్గరికి పోయే పనుండదు.

మే నెలలో పెనుకొండ దగ్గర హైవే పక్క ఏసీ కల్యాణమండపంలో మూడు రోజుల ప్రదర్శన పెట్టారు. వంటింటికి, స్నానాల గదికి కావలసిన కొత్త డిజైన్లన్నీ ఒకేచోట. కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఆ చుట్టుపక్కల లేచిన విల్లాల వాళ్లు, ధర్మవరం, అనంతపురం డీలర్లు, బిల్డర్లు వస్తారన్నారు. ఫ్యాక్టరీ యజమాని చెన్నకేశవులు ద్వారం ఎదురుగానే పెద్ద స్టాలు తీసుకున్నాడు. చూడవచ్చినవాళ్లు ముట్టుకున్న ప్రతిసారీ మెరుపు మీద వేలిముద్ర పడుతుంది. అది తుడవడానికి ఇద్దరు కావాలి. ఆయన ఉలిగమ్మను, మంజులను ఎంచాడు. నీలం రంగు చీరలు ఇచ్చారు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా స్టాలు వదిలి కదలకూడదని వేణుమాధవ్ చెప్పాడు.

మొదటి రోజు మంజుల తిరునాళ్లకు వచ్చినట్టే ఉంది. పాములా సాగి సింకు మూలమూలకూ వచ్చే కుళాయి. చెయ్యి చూపితే నీళ్లు, తీస్తే బందు. నల్ల రాయిలాంటి సింకు మీద జరిపే కూరగాయల పలక. తలుపంత వెడల్పు షవర్, వాన పడినట్టు. మనిషి దగ్గరికొస్తే తనంతట తానే మూత తెరిచే కమోడ్. మంజుల గుడ్డ పట్టుకుని అటు పోతే మూత లేచేది, ఇటు వస్తే లేచేది.

"ఏమే, నన్ను చూస్తే సాలు నోరు తెరుస్తాండావు? అంత ప్రేమా?" అంది దాంతో. డిజైన్లు వివరించడానికి బెంగళూరు నుంచి వచ్చిన యువరాజ్ కూడా నవ్వాడు.

సాగే కుళాయి దగ్గర ఆగింది. "మాయమ్మకు ఇట్లాంటిదొకటి పెట్టియ్యాల పెద్దమ్మా."

"మీ వీధిలో మూడు దినాలకొకసారి నీళ్లొస్తాయి. దీంట్లో గాలి పట్టుకుంటారా?" అంది ఉలిగమ్మ.

స్టాలులో తొమ్మిది కమోడ్లున్నాయి. ఒక్కదానికీ పైపు లేదు. మండపంలో పనిచేసే మరుగుదొడ్లు మేడ మీద ఉన్నాయి. మెట్ల దగ్గర సెక్యూరిటీ. పైకి పోవాలంటే మెడలో ప్రదర్శన ప్యాసు ఉండాలి. కంపెనీ తీసుకున్న ప్యాసులు ఐదు. చెన్నకేశవులు, వేణుమాధవ్, యువరాజ్, ఇద్దరు సేల్స్ మనుషులు. తుడిచేవాళ్లకు ప్యాసు కావాలని ఎవరికీ తట్టలేదు. మంజుల మెట్ల దాకా పోయి వెనక్కి వచ్చింది.

"ప్యాసు లేకుంటే పంపరంట. బయట శానా జాగా ఉండాది కదమ్మా అంటాడు," అని చెప్పింది. బయట హైవే, లారీలు, పార్కింగులో డ్రైవర్లు.

"ఓర్చుకో. ఎనిమిదికి ఇంటికి పోతాం కదా," అంది ఉలిగమ్మ.

రెండో రోజు మధ్యాహ్నం ధర్మవరంలో ఇల్లు కట్టుకుంటున్న రుక్మిణమ్మ అనే పెద్దావిడ వచ్చింది. యువరాజ్ చెప్పేదంతా విని, విసుగొచ్చి, మంజుల వైపు తిరిగింది.

"ఆ అబ్బాయి చెప్పేది నాకొకటీ తలకెక్కలేదు. నువ్వు చెప్పు పాపా. మోకాళ్ల నొప్పులోళ్లకు ఏది బాగుంటాది? ఎత్తుదా, పొట్టిదా?"

"నేను ఈడ దేనిమీదా కూచోలేదమ్మా. తుడిచేదే నా పని."

ఆవిడ నవ్వబోయి మంజుల ముఖం చూసి ఆగింది. "జొరమొచ్చినట్టుండావే. పెదాలు చూడు, బీడు మాదిరి పగిలినాయి. ఇంద, నీళ్లు తాగు," అని తన సంచిలోంచి సీసా తీసి చేతిలో పెట్టింది.

మంజుల మూత తిప్పింది. సీసా నోటిదాకా తెచ్చి, పెద్దమ్మ వైపు చూసింది.

ఉలిగమ్మ తల అడ్డంగా ఊపింది.

మంజుల మూత బిగించి సీసా తిరిగి ఇచ్చేసింది. "వొద్దులేమ్మా, దప్పి లేదు."

ఆ తల ఊపడం ఎంతసేపు? కన్ను మూసి తెరిచేంత. దాన్ని గురించి ఉలిగమ్మ ఇప్పుడు పక్కన ఎవరు కూర్చున్నా చెబుతుంది. దాచుకోదు.

నాలుగు గంటలకు మంజుల పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. పిల్ల వేళ్లు కాలిపోతున్నాయి. "ఓర్చుకోలేకపోతాండా పెద్దమ్మా. సార్‌నడిగి ఒక్క ప్యాసు ఇప్పియ్యవా? పోయొచ్చి ఇచ్చేస్తా."

ఉలిగమ్మ పోయింది. చెన్నకేశవులు డీలర్లతో మాట్లాడుతున్నాడు. ఆమె మూడడుగుల దూరంలో గుడ్డ నలుపుకుంటూ నిలబడింది. ఆయన మాట మధ్యలో ఇటు చూశాడు.

"ఏమ్మా ఉలిగమ్మా? ఆ షవర్ మీద మరకలుండాయి చూడు. బిరబిరా తుడిచేయ్."

"సరే సార్," అని షవర్ తుడవడానికి పోయింది.

ఆయన చెడ్డగా ఏం మాట్లాడలేదు. ప్యాసు అడిగితే ఇచ్చేవాడేమో కూడా. అడగడమనే పని పద్నాలుగేళ్లుగా చెయ్యని మనిషి ఆమె. తిరిగొచ్చి కొంగు ముడి విప్పి, మంజుల చేతిలో రెండు పిక్కలు పెట్టింది.

మూడో రోజు పొద్దున పిల్ల దుప్పటి కప్పుకుని వణుకుతోంది. ఉండిపొమ్మంది ఉలిగమ్మ.

"నువ్వొక్కదానివే అంత తుడవలేవులే. ఈ పొద్దుతో అయిపాయె కదా," అంటూ నీలం చీర కట్టుకుంది.

పదకొండున్నరకు సింకుల దగ్గర మంజుల కూలిపోయింది. చీర తడిసిపోయింది. నున్నటి తెల్ల టైల్స్ మీద తడి పాకింది. చూడవచ్చినవాళ్లు వెనక్కి జరిగారు.

"అయ్యో, ముందు ఆ నేల తుడవండమ్మా, డీలర్లొస్తాండారు," అన్నాడు వేణుమాధవ్.

ఉలిగమ్మ ముందు నేల తుడిచింది. తర్వాత పిల్లను పట్టుకుంది.

యువరాజ్ కారులో వాళ్లిద్దరినీ ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి నుంచి పెద్దాసుపత్రికి పంపారు. మూత్రంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ కిడ్నీలకు పాకి రక్తంలోకి చేరిందని డాక్టరమ్మ చెప్పింది. "ఎన్నాళ్లుగా మంట? రోజుకెన్ని నీళ్లు తాగుతుంది?" అని అడిగింది. మొదటి ప్రశ్నకు ఉలిగమ్మ రెండు నెలలని చెప్పింది. రెండో ప్రశ్నకు కొంగు ముడిలోని పిక్కలను గుప్పిట మూసి దాచుకుంది. ఆసుపత్రిలో చేరిన నాలుగో రోజు తెల్లవారే వేళకు మంజుల పోయింది.

ధర్మవరంలో దినాలు అయిన మర్నాడు అక్కచెల్లెళ్లిద్దరూ మగ్గం లేని ఆ నట్టింట్లో కూర్చున్నారు. ఉలిగమ్మ అంతా చెప్పేసింది. సీసా సంగతి, తల ఊపిన సంగతి, నేల తుడిచిన సంగతి.

"నేనే సంపుకున్నానే ఎల్లీ. నీళ్లు తాగద్దని నేర్పించింది నేనే."

ఎల్లమ్మ మగ్గం గుంత మీది బండను అరచేత్తో నిమిరింది. తిడుతుందని ఎదురుచూసింది ఉలిగమ్మ. తిడితే బాగుండు అనుకుంది.

"నువ్వు నేర్పినావు సరే," అంది ఎల్లమ్మ. "నీకు నేర్పిందెవురక్కా?"

ఆ ప్రశ్నతో ఉలిగమ్మ హిందూపురం వ్యానెక్కింది. షెడ్డులోకి పోలేదు. నీలం తలుపు తీసి, ఒక్కొక్క పెట్టె తెచ్చి ఎండలో పెట్టడం మొదలుపెట్టింది. కాసేపటికి ఒక చక్రం ఆగింది. తర్వాత ఇంకొకటి. పదిమంది వచ్చి చెయ్యి వేశారు. మిగతావాళ్లు తలలెత్తకుండా పని చేసుకున్నారు. వాళ్లనేమీ అనడానికి లేదు.

వేణుమాధవ్ పరుగున వచ్చాడు. "ఏం ఉలిగమ్మా, ఈ పొద్దు ఇన్‌స్పెక్షన్ ఏం లేదే?"

"ఉండాది సార్. మేమే చేస్తాండాం."

వాళ్లెవరూ చేరకముందు నుంచీ కదలని చివరి వరస పెట్టెలు తీసేదాకా ఎవరికీ తెలియని సంగతి అప్పుడు బయటపడింది. వెనక గోడ దగ్గర కమోడ్ ఉంది. దానికి పైపు లేదు. కింద గుంత లేదు. నేల మీద ఊరికే నిలబెట్టారు. వాళ్లు పద్నాలుగేళ్లుగా పెట్టెలు మోసింది మరుగుదొడ్డిలోకి కాదు, మరుగుదొడ్డి బొమ్మ ఉన్న గదిలోకి.

ఆ సాయంత్రమే ఉలిగమ్మను ఇక రావద్దన్నారు. ఇప్పుడామె పొద్దున్నే వ్యాన్లు ఆగే చోట నిలబడుతుంది. ఆడవాళ్లకు పనిచేసే మరుగుదొడ్డి కావాలని చేతిలో ఒక అర్జీ ఉంటుంది. పాలిషింగ్ షెడ్లు, కుట్టుమిషన్ల కంపెనీలు, ప్యాకింగ్ గోదాములు, ఎక్కడికి పోయే వ్యాను అయినా సరే. "సంతకం పెడితే పెట్టండి, లేకుంటే లేదు. నీళ్లు మాత్రం తాగండమ్మా," అంటుంది. ఈ మాటలు రాసేనాటికి ఆ కాగితం మీద పందొమ్మిది పేర్లున్నాయి. ఆరు వేలిముద్రలు.

ఆడవాళ్లు పనిచేసే చోట వాళ్లకు విడిగా మరుగుదొడ్డి ఉండాలని చట్టముంది. తలుపు మీద రాత ఉంటే చట్టం అమలైనట్టు కాదు. తనిఖీకి వెళ్లే అధికారులారా, గడప దగ్గర ఆగకండి. లోపలికి పోయి నీళ్లు పోసి చూడండి. ప్రదర్శనలు, పెళ్లిళ్లు, సభలు జరిపేవాళ్లారా, ఊడ్చేవాళ్లకు, వడ్డించేవాళ్లకు, తుడిచేవాళ్లకు మొదటి ప్యాసులు ఇవ్వండి. కొత్త ఇంటికి కుళాయిలు కొనబోయేవాళ్లారా, డిజైను నచ్చాక, రేటు కుదిరాక, ఒక్క మాట ఎక్కువ అడగండి: దీన్ని మెరుగుపెట్టిన ఆడవాళ్లు ఎక్కడికి పోతారయ్యా? షాపువాడికి జవాబు తెలియదు. వందమంది అడిగితే తెలుసుకుంటాడు.

ఇవేవీ మీ చేతిలో లేవంటారా? మీ ఇంటికి ఈ వారం ఎవరో ఒక ఆడమనిషి పనికి వస్తుంది. అంట్లు తోమడానికో, ఇటుకలు మొయ్యడానికో, గోడలకు సున్నం కొట్టడానికో. ఆమె చెప్పులు విప్పి లోపలికి రాగానే ఒక గ్లాసు నీళ్లిచ్చి, ఆ గది ఎక్కడుందో మీరే చూపించండి. ఆమె అడిగేదాకా ఆగకండి.